ఇరవై అంకెల సంఖ్యను చేత్తో విప్పడం

చదరంగం పలక మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడోదాంట్లో నాలుగు, ఇలా గడిగడికీ రెట్టింపు చేస్తూ 64 గళ్లూ నింపమని రాజును అడిగినవాడి కథ తెలియనివాళ్లు అరుదు. కథ చెప్పేవాళ్లు మామూలుగా రాజుగారి గాదెలు ఖాళీ కావడం దగ్గర ఆగిపోతారు. ఆ గింజలు ఎన్ని బస్తాలు, ఎన్నేళ్ల పంట అన్న లెక్కలు చాలామంది వేశారు, ఇంకా వేస్తూనే ఉన్నారు. బియ్యం సంగతి వాళ్లకే వదిలేద్దాం. ఇక్కడ మన పని ఆ సంఖ్యతో.

18446744073709551615

కోట్లలో చదివితే ఇది 1,84,467 కోట్ల కోట్లు, ఆపైన 44,07,370 కోట్లు, ఆపైన 95,51,615. మొత్తం 20 అంకెలు. దీని ప్రధాన కారణాంకాలు ఏమిటి, దీన్ని నిశ్శేషంగా భాగించే సంఖ్యలు ఎన్ని, వాటి మొత్తం ఎంత అని ఎవరైనా అడిగితే వెంటనే కంప్యూటర్ వైపు చూస్తాం. నిజానికి చూడక్కర్లేదు. ఒక మధ్యాహ్నం ఖాళీ దొరికితే చేత్తోనే తేల్చేయొచ్చు. కారణం ఒక్కటే: ఈ సంఖ్య ఎలా తయారైందో మనకు తెలుసు. ఇదే పొడవున్న ఏదో ఊరూపేరూ లేని సంఖ్యను చేతిలో పెడితే ఈ వ్యాసం రాసే సాహసం నేను చేయను.

కావలసినవి: నాలుగు తెల్లకాగితాలు, పెన్ను, ఎక్కాలు, బడిలో నేర్చుకున్న ఒక సూత్రం. రెండు వర్గాల భేదం ఆ రెండు సంఖ్యల మొత్తాన్ని వాటి భేదంతో గుణిస్తే వచ్చినంత అన్నదే ఆ సూత్రం. కాలిక్యులేటర్ దగ్గర పెట్టుకున్నా పెద్ద ఉపయోగం ఉండదు. ఫోన్‌లో మామూలుగా ఉండేవి ఇంత సంఖ్య ఇస్తే దశాంశ బిందువు పెట్టి తోక కత్తిరించేస్తాయి. ఎక్సెల్ అయితే మొదటి 15 అంకెలు ఉంచి మిగతా చోట్ల సున్నాలు నింపుతుంది. మనకు చివరి అంకె దాకా కావాలి.

ముందు సంఖ్యను తయారు చేద్దాం

64 గళ్లలోని గింజలను ఒక్కొక్క గడి చొప్పున కూడుకుంటూ పోవక్కర్లేదు. పలక పక్కన ఇంకొక్క గింజ అదనంగా పెట్టండి. ఆ ఒక్కటీ మొదటి గడిలోని ఒకటీ కలిస్తే రెండు. రెండో గడిలోవీ రెండే, కలిస్తే నాలుగు. మూడో గడిలో నాలుగు, కలిస్తే ఎనిమిది. ఇలా చివరి గడి దాకా పోతే మొత్తం 2⁶⁴ అవుతుంది. అదనంగా పెట్టిన గింజను తీసేస్తే మనకు కావలసిన సంఖ్య 2⁶⁴ − 1.

ఇప్పుడు 2⁶⁴ కోసం 63 సార్లు రెట్టింపు చేయనక్కర్లేదు. 64 కూడా 2ను ఆరుసార్లు వేసి గుణించినదే కాబట్టి, ఆరుసార్లు వర్గం చేస్తే చాలు:

2 → 4 → 16 → 256 → 65536 → 4294967296 → 18446744073709551616

మొదటి మూడు వర్గాలు నోటికి వస్తాయి, 256 వర్గం చాలామందికి గుర్తే. 65536 వర్గానికి దాన్ని 65000 + 536గా విడగొట్టండి. 65000 వర్గం 4225000000. రెండింటి లబ్ధానికి రెట్టింపు 69680000. 536 వర్గం 287296. మూడూ కలిపితే 4294967296.

శ్రమంతా ఆరో వర్గం దగ్గరే. పదంకెల సంఖ్యను 42949 | 67296 అని సగానికి చీల్చండి. ఎడమ సగం వర్గం 1844616601. రెండు సగాల లబ్ధానికి రెట్టింపు 5780591808. కుడి సగం వర్గం 4528751616. మొదటిదానికి వెనక పది సున్నాలు, రెండోదానికి ఐదు సున్నాలు చేర్చి, మూడింటినీ ఒకట్ల స్థానం కింద ఒకట్ల స్థానం వచ్చేలా పేర్చి కూడండి. 18446744073709551616 వస్తుంది. ఒకటి తీసేయండి.

ఇంత లెక్క చేశాక తనిఖీ తప్పనిసరి. పాతకాలపు పద్ధతే చాలు: మన సంఖ్య అంకెలన్నీ కూడితే 87, మళ్లీ కూడితే 15, మళ్లీ 6. అంటే తొమ్మిదితో భాగిస్తే శేషం 6 రావాలి. 2⁶ అంటే 64ను తొమ్మిదితో భాగిస్తే శేషం 1. 64వ ఘాతంలో ఆరేసి జట్లు పది పోగా నాలుగు మిగులుతాయి. 2⁴ అంటే 16, శేషం 7, ఒకటి తీస్తే 6. సరిపోయింది. పదకొండు తనిఖీ కూడా చేసేయండి. కుడి నుంచి మొదలుపెట్టి ఒకటి విడిచి ఒకటి కూడితే 62, విడిచినవి కూడితే 25, తేడా 37, దాన్ని 11తో భాగిస్తే శేషం 4. 2¹⁰ను 11తో భాగిస్తే 1 మిగులుతుంది కాబట్టి 2⁶⁴ శేషం 2⁴ శేషంతో సమానం, అంటే 5. ఒకటి తీస్తే 4. ఇదీ కుదిరింది.

తెలుగువాళ్లకు ఈ మెట్టు మీద మూడో తనిఖీ ఒకటి అదనం. మహావీరాచార్యుల సంస్కృత గణితసారసంగ్రహాన్ని తెలుగు చేసిన పావులూరి మల్లన పేరు మీద, ఈ చదరంగపు మొత్తాన్ని చెప్పే చంపకమాల ఒకటి ప్రచారంలో ఉంది. అందులో అంకెలు పైకి కనిపించవు. చంద్రుడంటే 1, వేదాలంటే 4, బాణాలంటే 5, కొండలంటే 7, ఆకాశమంటే సున్న. ఒకట్ల స్థానంలో మొదలై ఎడమకు నడుస్తుంది. సంఖ్యలో 1 మూడుసార్లు వస్తే చంద్రుడికి మూడు పేర్లు, 7 మూడుసార్లు వస్తే కొండకు మూడు పేర్లు వాడి ఛందస్సు నిలబెట్టాడు కవి. ఆ పద్యం నోటికి వచ్చినవాళ్లు మీ ఇంట్లో ఉంటే ఎదురుగా కూర్చోబెట్టి ఒక్కొక్క పదానికీ ఒక్కొక్క అంకె టిక్కు పెట్టుకుంటూ రండి. ఇరవైకి ఇరవై కలుస్తాయి.

విప్పడం మొదలు

2⁶⁴ అంటే 2³² వర్గం. 1 అంటే 1 వర్గం. కాబట్టి మన సంఖ్య రెండు వర్గాల భేదం. సూత్రం వేస్తే అది (2³² + 1) × (2³² − 1). అందులో రెండో ముక్క మళ్లీ వర్గాల భేదమే, (2¹⁶ + 1) × (2¹⁶ − 1). ఇలా కుడిచేతి ముక్కను విప్పుకుంటూ పోతే ఆరు గుణకాలు మిగులుతాయి:

3 × 5 × 17 × 257 × 65537 × 4294967297

వీటిని వర్గాల వరుసతో పోల్చి చూడండి. అక్కడి 2, 4, 16, 256... లకు ఒక్కొక్కటి చొప్పున కలిపితే వచ్చినవే. ఆరుసార్లు వర్గం చేసి కట్టాం కాబట్టి ఆరు గుణకాలుగా విడిపోయింది.

నమ్మకం కుదరకపోతే వెనక్కి గుణించండి: 3 × 5 = 15, 15 × 17 = 255, 255 × 257 = 65535, అలా. ప్రతి మెట్టులోనూ వచ్చేది వర్గాల వరుసలోని సంఖ్యకు ఒకటి తక్కువ. ద్విసంఖ్యామానంలో రాస్తే ఇది ఇంకా తేటగా కనిపిస్తుంది. 3 అంటే 11. 15 అంటే 1111. 255 అంటే వరుసగా ఎనిమిది ఒకట్లు. ప్రతి గుణకమూ ఒకట్ల వరుసను రెట్టింపు చేస్తుంది. చివరికి 64 ఒకట్లు. కంప్యూటర్‌లో 64 బిట్ల గడిలో గుర్తు లేకుండా పట్టే అతి పెద్ద సంఖ్య ఇదే. దీనికి ఒకటి కలిపితే 65వ బిట్ కావాలి, అది లేదు గనక గడి సున్న చూపిస్తుంది.

గుణకాలు దొరికాయి సరే, అవన్నీ ప్రధాన సంఖ్యలేనా? 3, 5, 17 సంగతి తెలిసిందే. 257 వర్గమూలం 16 పైన కొద్దిగా. 2, 3, 5, 7, 11, 13 ఏవీ దాన్ని భాగించవు, కాబట్టి అది ప్రధానమే. మిగతా రెండింటి దగ్గర కొంచెం ఆగాలి.

శేషాల చక్రం

65537 వర్గమూలం 256 పైన కొద్దిగా. అంతలోపు 54 ప్రధాన సంఖ్యలు ఉన్నాయి. ఒక్కొక్కదానితో భాగించొచ్చు గానీ, పని తగ్గించే దారి ఒకటుంది. ఇదే ఈ మొత్తం తయారీకి ప్రాణం, అందుకని దీన్ని తొందరపడి దాటకండి.

ఏదైనా బేసి ప్రధాన సంఖ్య తీసుకుని 2, 4, 8, 16... లను దానితో భాగిస్తూ శేషాలు రాయండి. 17తో అయితే 2, 4, 8, 16, 15, 13, 9, 1 వస్తాయి. ఆ తర్వాత మళ్లీ 2, 4, 8... శేషాలు చక్రంలా తిరుగుతాయి, ఇక్కడ చక్రం పొడవు 8. 7తో అయితే 2, 4, 1, పొడవు 3. ఈ పొడవు ఎప్పుడూ ఆ ప్రధాన సంఖ్యకు ఒకటి తక్కువైనదాన్ని నిశ్శేషంగా భాగిస్తుంది: 8 భాగిస్తుంది 16ను, 3 భాగిస్తుంది 6ను. ఫ్రెంచి గణితజ్ఞుడు పియర్ ద ఫెర్మా 1640లో ఒక ఉత్తరంలో రాసిన సిద్ధాంతపు ఫలితం ఇది.

ఇప్పుడు ఏదో ఒక ప్రధాన సంఖ్య 2¹⁶ + 1ని భాగిస్తుందనుకుందాం. అంటే దానితో భాగించినప్పుడు 2¹⁶ శేషం −1. దాన్ని వర్గం చేస్తే 2³² శేషం 1. కాబట్టి చక్రం పొడవు 32ను భాగించాలి, అంటే 1, 2, 4, 8, 16, 32లలో ఒకటి. 16 గానీ అంతకన్నా చిన్నవి గానీ అయితే 2¹⁶ దగ్గరే శేషం 1 వచ్చి ఉండేది. కానీ అక్కడ వచ్చింది −1. కాబట్టి పొడవు సరిగ్గా 32. ఫెర్మా ఫలితం ప్రకారం ఆ ప్రధాన సంఖ్యలోంచి ఒకటి తీస్తే 32 గుణిజం కావాలి.

256 లోపు అలాంటివి 33, 65, 97, 129, 161, 193, 225. వీటిలో ప్రధాన సంఖ్యలు రెండే, 97, 193. 65537ను 97తో భాగిస్తే శేషం 62, 193తో భాగిస్తే శేషం 110. అంతే, 65537 ప్రధాన సంఖ్య. 54 భాగహారాల పని రెండింటితో ముగిసింది.

ఫెర్మా ఆగిన చోటు, ఆయిలర్ చూసిన చోటు

ఈ 3, 5, 17, 257, 65537 వరుసను చూసి, ఇలా తయారయ్యే సంఖ్యలన్నీ ప్రధానాలే అయి ఉంటాయని ఫెర్మా అభిప్రాయపడ్డాడు. అదీ 1640 నాటి మాటే. తర్వాతిది 4294967297. దాని సంగతి తేలడానికి 1732 దాకా పట్టింది. గోల్డ్‌బాక్ ఉత్తరంలో ఈ ప్రశ్న గుర్తు చేస్తే, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉన్న పాతికేళ్ల ఆయిలర్ దాన్ని పట్టుకున్నాడు.

మనమూ పడదాం. పైన చేసిన వాదమే 16 బదులు 32 పెట్టి చేస్తే, 4294967297ను భాగించే ప్రధాన సంఖ్యలోంచి ఒకటి తీస్తే 64 గుణిజం కావాలి. 64 ఎక్కం రాసి ప్రతిదానికీ ఒకటి కలపండి:

65, 129, 193, 257, 321, 385, 449, 513, 577, 641...

చివర 5 ఉన్నవి కొట్టేయండి. అంకెల మొత్తం మూడు గుణిజమయ్యేవి కొట్టేయండి. మిగిలేవి 193, 257, 449, 577, 641.

పదంకెల సంఖ్యను వీటితో నేరుగా భాగించక్కర్లేదు. 2³² అంటే 65536 వర్గం కదా. 65536 శేషం కనుక్కుని, ఆ శేషాన్ని వర్గం చేసి, మళ్లీ శేషం తీసి, ఒకటి కలిపితే సరిపోతుంది. 193తో 65536 శేషం 109, దాని వర్గం 11881, శేషం 108, ఒకటి కలిపితే 109. సున్న కాదు, పోయింది. 257తో చివరికి 2 మిగులుతుంది. 449తో శేషం 431. దాన్ని −18గా చూస్తే వర్గం 324, ఒకటి కలిపితే 325. 577తో 335, వర్గం 112225, శేషం 287, ఒకటి కలిపితే 288. ఇదీ కాదు.

641తో 65536 శేషం 154. దాని వర్గం 23716. అది 641 × 36 + 640. ఒకటి కలిపితే 641. సున్న వచ్చింది.

ఎక్కంలో పదో మెట్టు మీదే విరిగిపోయింది. ఈ పనిముట్టు ఫెర్మాదే, అదే ఏడాది ఆయన చేతిలో ఉన్నదే. ఐదు చిన్న భాగహారాలు చేసి ఉంటే తన ఊహ తప్పని ఆయనకే తెలిసేది. ఎందుకు చేయలేదన్నది గణిత చరిత్ర చదివేవాళ్లను ఇప్పటికీ తికమకపెట్టే ప్రశ్న. చేసే ఉంటాడు, ఎక్కడో ఒక అంకె జారి ఉంటుందని నా అనుమానం.

4294967297ను 641తో భాగిస్తే 6700417. ఇక ఇది ప్రధానమా కాదా అన్నది ఒక్కటే మిగిలింది. దీని వర్గమూలం 2588 పైన కొద్దిగా. దీన్ని భాగించేది ఏదైనా 4294967297ను కూడా భాగిస్తుంది కాబట్టి అదే 64 ఎక్కం కొనసాగించండి, 2561 దాకా. 193, 257, 449, 577 ముందే పోయాయి. 641ను మాత్రం మళ్లీ చూడాలి, అది రెండుసార్లు ఉండే అవకాశం ఉంది గనక. తర్వాతి ముప్పై సంఖ్యల్లో ఎక్కువ భాగం 3, 5, 7, 11లకే పడిపోతాయి. 961 అంటే 31 వర్గం. 1537, 1921, 2369, 2561 కొంచెం మొండివి: 29 × 53, 17 × 113, 23 × 103, 13 × 197. మధ్యలో 1729 కూడా ఈ వరుసలోనే తగులుతుంది. ఆసుపత్రి మంచం మీది రామానుజన్, హార్డీ ఎక్కి వచ్చిన టాక్సీ నంబరులో రెండు ఘనాల మొత్తాన్ని రెండు రకాలుగా చూసిన సంఖ్య అది. 12 ఘనం 64 × 27, దానికి ఒకటి కలిపితే 1729, అందుకే మన ఎక్కంలోకి వచ్చింది. పేరున్న సంఖ్యే గానీ 7తో పోతుంది, కొట్టేయండి.

చివరికి పరీక్షకు నిలిచేవి ఏడు. 6700417ను వాటితో భాగిస్తే శేషాలు ఇవి: 641తో 44, 769తో 120, 1153తో 334, 1217తో 832, 1409తో 622, 1601తో 232, 2113తో 94. ఒక్కటీ సున్న కాదు. 6700417 ప్రధాన సంఖ్య. విప్పడం పూర్తయింది:

18446744073709551615 = 3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417

ఇదంతా ఇంత సులువుగా జరగడానికి కారణం ఘాతం 64 కావడం. చదరంగం పలకలో ఇంకో మూడు గళ్లు ఉండి ఉంటే? 2⁶⁷ − 1లో 67 ప్రధాన సంఖ్య, వర్గాల భేదం సూత్రానికి అక్కడ తలుపు మూసే ఉంటుంది. మెర్సెన్ 1644లో దాన్ని ప్రధాన సంఖ్యల జాబితాలో వేశాడు. 1876లో లుకా అది ప్రధానం కాదని రుజువు చేశాడు గానీ కారణాంకాలు చూపలేకపోయాడు. 1903లో అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ సమావేశంలో ఫ్రాంక్ నెల్సన్ కోల్ అనే ఆయన బోర్డు మీద 193707721 × 761838257287 గుణించి 147573952589676412927 రప్పించి, నోరు విప్పకుండా వెళ్లి కూర్చున్నాడని ప్రసిద్ధి. దానికి మూడేళ్ల ఆదివారాలు పట్టాయని కోల్ తనతో చెప్పినట్టు ఇ.టి. బెల్ రాశాడు. మన సంఖ్య కన్నా అది పొడవులో ఒక్క అంకే ఎక్కువ.

ఇప్పుడు ఏమడిగినా చెప్పొచ్చు

ఏడు ప్రధాన సంఖ్యలు, ఏదీ రెండోసారి లేదు. అందువల్ల మిగతా గుణాలన్నీ చకచకా వస్తాయి.

నిశ్శేషంగా భాగించే సంఖ్యలు ఎన్ని? ఏడింటిలో ప్రతిదాన్నీ తీసుకోవచ్చు లేదా వదలొచ్చు కాబట్టి 2⁷, అంటే 128. అవి జంటలు జంటలుగా ఉంటాయి, సరిగ్గా 64 జంటలు. గళ్ల లెక్కతో కలవడం కాకతాళీయమే, అయినా ముచ్చటగా ఉంది. అన్నిటికన్నా దగ్గరి జంట 4294967295, 4294967297. వాటి మధ్య తేడా రెండే.

వాటన్నిటి మొత్తం ఎంత? ప్రతి ప్రధాన సంఖ్యకూ ఒకటి కలిపి గుణించాలి: 4 × 6 × 18 × 258 × 642 × 65538 × 6700418. వచ్చేది 31421980989189888768. ఇందులోంచి అసలు సంఖ్యను తీసేస్తే 12975236915480337153. అది మన సంఖ్య కన్నా తక్కువ, కాబట్టి ఇది 6, 28ల లాంటి పరిపూర్ణ సంఖ్య కాదు. 2⁶⁴ − 1ని 2⁶³తో గుణించి పరిపూర్ణ సంఖ్య చేద్దామన్నా కుదరదు, దానికి 2⁶⁴ − 1 ప్రధానమై ఉండాలి.

1 నుంచి మన సంఖ్య దాకా, దానితో 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేనివి ఎన్ని? ఈసారి ఒక్కొక్కటి తగ్గించి గుణించండి: 2 × 4 × 16 × 256 × 640 × 65536 × 6700416. మొత్తం 9208981628670443520, అంటే నూటికి 49.92. సగానికి ఇంత దగ్గరగా రావడం యాదృచ్ఛికం కాదు. 641, 6700417 పక్కన పెడితే మిగతా ఐదింటి నుంచి వచ్చే లబ్ధం సరిగ్గా 2³¹. ఆ ఐదు ప్రధాన సంఖ్యల లబ్ధమేమో 2³² − 1. సగం కన్నా ఒక వెంట్రుక ఎక్కువ. 641 వచ్చి ఆ వెంట్రుకను లాగేసి ఇంకొంచెం కిందికి దించింది.

ఆ ఐదు సంఖ్యలకు రేఖాగణితంలో గొప్ప చరిత్ర ఉంది. 1796లో, ఇంకా 19 నిండని గౌస్, కేవలం స్కేలు, వృత్తలేఖినులతో 17 భుజాల క్రమబహుభుజిని గీయొచ్చని కనుక్కున్నాడు. 3, 5, 17, 257, 65537లలో కొన్నింటిని ఒక్కొక్కసారి తీసుకుని గుణిస్తే వచ్చిన ఏ సంఖ్యకైనా అన్ని భుజాల క్రమబహుభుజి అలా గీయడం సాధ్యమే. వేరే బేసి సంఖ్యలకు కావాలంటే అదే వరుసలో ఇంకో ప్రధాన సంఖ్య ఎవరైనా కనిపెట్టాలి, ఇప్పటిదాకా ఆరోది దొరకలేదు. లెక్క కడితే మన 128 భాజకాల్లో 31 ఇలాంటివి. చివరిది 4294967295 భుజాలది. గీస్తే వృత్తానికీ దానికీ తేడా ఏ కంటికీ ఆనదు. 65537 భుజాలకే యోహాన్ హెర్మెస్ అనే జర్మన్ పదేళ్లు కూర్చుని నిర్మాణం రాశాడు. ఆ రాతప్రతుల పెట్టె గాటింగెన్‌లో ఉంది.

ఇంకొకటి. ఈ సంఖ్యను వర్గాల మొత్తంగా రాయాలంటే రెండు వర్గాలు చాలవు, మూడూ చాలవు. 64 ఒకట్ల వరుస చివర 111 ఉంది, అంటే ఎనిమిదితో భాగిస్తే శేషం 7. అలాంటి సంఖ్యకు నాలుగు వర్గాలు తప్పవు. నాలుగు ఎప్పుడూ సరిపోతాయని లగ్రాంజ్ 1770లో రుజువు చేశాడు.

పక్కింటివాళ్లు

కాగితాలు ఇంకా మిగిలి ఉంటే ఇరుగుపొరుగును కూడా చూడొచ్చు. ఒకటి ఎక్కువైన 2⁶⁴ను భాగించేవి 65, అన్నీ 2 ఘాతాలే, అందులో చూడటానికేమీ లేదు. ఒకటి తక్కువైనది 2 × (2⁶³ − 1). విప్పితే 2 × 7² × 73 × 127 × 337 × 92737 × 649657. 63 అంటే 7 × 9 కాబట్టి దానికీ తలుపులున్నాయి.

రెండు ఎక్కువైన 18446744073709551617 మాత్రం వేరు. అది 2⁶⁴ + 1, ఫెర్మా వరుసలో 4294967297 తర్వాతిది. మన పద్ధతి యథాతథంగా పనిచేస్తుంది: ఈసారి 64 ఎక్కం బదులు 128 ఎక్కం రాసి ఒకటి కలుపుకుంటూ పోవాలి. 4294967297 పదో మెట్టు మీద విరిగింది. ఇది విరిగేది 2142వ మెట్టు మీద, 274177 దగ్గర. ఫ్రెంచివాడు ఫోర్చునే లాండ్రీ 1880లో, 82 ఏళ్ల వయసులో ఆ కారణాంకాన్ని బయటపెట్టాడు. రెండోది 67280421310721.